నోట్‌బుక్ ఇచ్చేస్తే ఇక నా పనేంటి?

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసే పాఠకుడు పొడుగాటి ఉత్తరం రాశారు. వయసు 44. తన పేరు, సంస్థ పేరు బయటికి రాకూడదన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

వాళ్లు ఆఫీసులో ఏడుగురు. లాడ్జీలకు గదుల బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తారు. తిరుపతితోపాటు శ్రీకాళహస్తి, కాణిపాకంలో కూడా కస్టమర్లున్నారు. కొత్త వెర్షన్ తయారైనప్పుడల్లా దాన్ని సర్వర్ మీదికి ఎక్కించే బాధ్యత మొదటినుంచీ ఈయనదే. రాత్రి పదకొండున్నర దాటి లాడ్జీల కౌంటర్లు కాస్త నెమ్మదించాక కూర్చుంటారు. తన ల్యాప్‌టాప్‌లో కోడ్ జిప్ చేస్తారు. ఫైళ్లు పంపే విన్‌ఎస్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్‌తో సర్వర్‌కి పంపుతారు. డేటాబేస్ మార్పులు చేత్తో నడుపుతారు. కాన్ఫిగ్ ఫైలు (సెట్టింగులుండే ఫైలు) సరిచేసి, సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేసి, తన ఫోన్‌లోంచి ఒక దొంగ బుకింగ్ వేసి చూసుకుని పడుకుంటారు. ఈ వరుసంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి ఉంది. కొంత రాయలేదు, బుర్రలో ఉంది.

2025 సెప్టెంబరు 22న గదుల జీఎస్టీ మారింది. రోజుకు 7500 రూపాయల లోపు గదులకు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. 24న బ్రహ్మోత్సవాలు మొదలు. లాడ్జీలన్నీ నిండిపోయే రోజులు. సరిగ్గా పన్ను మారే ముందు, 21 రాత్రి ఈయనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. బెంగళూరు నుంచి వచ్చి ఏడాదిగా వాళ్ల దగ్గర చేస్తున్న ఒక కుర్రాడికి ఫోన్‌లో ఒక్కో మెట్టూ చెప్పి చేయించారు. సర్వర్లు రెండు. రెండో దాంట్లో పన్ను రేటు కాన్ఫిగ్ ఫైల్లో ఉంటుందన్న సంగతి ఈయన చెప్పలేదు, కుర్రాడికి తెలియదు. తెల్లారాక శ్రీకాళహస్తి వైపు లాడ్జీల్లో బిల్లులు 12 శాతంతోనే వచ్చాయి.

ఓనరు ఎవరినీ ఏమీ అనలేదు. “నువ్వు లేకపోతే ఎట్లబ్బా?” అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత కుర్రాడు, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ఉండే యాక్షన్స్ అనే సదుపాయం పెడదామన్నాడు. కోడ్ పుష్ చేస్తే (అక్కడికి పంపితే) చాలు, టెస్టులు, బిల్డు, డిప్లాయ్ (సర్వర్ మీదికి ఎక్కించడం) అన్నీ దానంతటవే జరిగిపోతాయని ఓనరుకు చూపించాడు. ఓనరుకు నచ్చింది. “అన్నా, నీ నోట్‌బుక్ ఒకసారి ఇస్తావా, చూసి స్క్రిప్టు రాస్తా” అని కుర్రాడు అడిగి మూడు వారాలైంది. ఈయన ఇవ్వలేదు. మన కస్టమర్లకు ఇది సరిపడదని ఓనరుతో అన్నారు.

ఉత్తరంలో చివరి మాటలు ఆయనవే: “అది సరిపడదన్న మాట పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు. పూర్తిగా అబద్ధం కూడా కాదు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, ఇంటి లోను ఇంకా ఉంది. ఆ నోట్‌బుక్ ఇచ్చేస్తే ఇక నా పనేంటి? పైగా ఆ అబ్బాయి రేపు మళ్లీ బెంగళూరు వెళ్లిపోతే మా గతేంటి?”

ఇక మీతో మాట్లాడతాను.

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. సాంకేతికంగా మీకున్న సందేహాలు ఒకటి. ఉద్యోగం గురించిన భయం ఒకటి. మీకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు వచ్చి, ఇన్నేళ్లూ మీరు నిద్ర మానుకుని చేసిన పనిని ఒక బటన్ అన్నందుకు కలిగిన నొప్పి ఇంకొకటి. మూడో దాన్ని మొదటిదాని వెనక దాచి ఓనరు ముందు పెట్టారు. అందుకే ఆ మాట మీకే పూర్తి నిజంగా వినపడలేదు. మూడింటినీ విడదీసి చూద్దాం.

ముందు సాంకేతికం. వీటిలో మీ వైపు న్యాయం చాలానే ఉంది.

కుర్రాడు చెప్పేది కొత్త వింతేమీ కాదు. కొసుకే కవాగుచి అనే ఇంజనీరు సన్ సంస్థలో ఉన్నప్పుడు హడ్సన్ పేరుతో మొదలుపెట్టిన, ఇలాంటి పనే చేసే సాఫ్ట్‌వేర్ 2011 నుంచీ జెంకిన్స్ పేరుతో నడుస్తోంది. గిట్‌హబ్ యాక్షన్స్ 2019 నవంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ప్రైవేటు రిపోజిటరీకి (కోడ్ దాచుకునే చోటుకి) ఉచిత ప్లాన్‌లోనే నెలకు 2000 నిమిషాల మెషీన్ సమయం ఇస్తారు; మీలాంటి ఏడుగురి ఆఫీసుకు అవి ఎక్కువే. ఖర్చు సాకు చెప్పడానికి లేదు.

పని జరిగే తీరు ఇది. కోడ్ పుష్ చేయగానే ఎక్కడో ఒక ఖాళీ మెషీన్ లేస్తుంది. అందులో మీ ల్యాప్‌టాప్‌లో పేరుకుపోయిన పాత లైబ్రరీలు, ఎప్పుడో చేసిన చిన్న సర్దుబాట్లు ఏవీ ఉండవు. మెట్లన్నీ వరుసగా రాసిపెట్టే యాక్షన్స్ ఫైలు ఒకటి ఉంటుంది; అందులో ఏం రాసి ఉంటే అదే చేస్తుంది. కోడ్ తెచ్చుకుంటుంది, కావలసినవి ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, టెస్టులు నడుపుతుంది, బిల్డ్ చేస్తుంది, చెప్తే సర్వర్‌కి పంపుతుంది. ఒక్క మెట్టు తప్పినా అక్కడే ఆగిపోతుంది. పని అయ్యాక ఆ మెషీన్ మాయమవుతుంది. “నా దగ్గర నడుస్తోందే” అన్న మాటకు దీంతో చోటుండదు.

అయితే రాసి ఉన్నదే చేస్తుందన్న దగ్గరే అసలు మెలిక. ఆ రాత్రి కుర్రాడి బదులు యంత్రమే ఉండి, ఆ ఫైల్లో రెండో సర్వర్ కాన్ఫిగ్ మెట్టు లేకపోయి ఉంటే, బిల్లులు 12 శాతంతోనే వచ్చేవి. కాకపోతే జ్వరంలో మిమ్మల్ని ఫోన్‌లో వేధించకుండా, రెండు నిమిషాల్లో వచ్చేవి.

ఇలాంటిది ఇంతకన్నా పెద్ద చోటే జరిగింది. 2012 ఆగస్టు 1 కల్లా అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ ఎనిమిది సర్వర్ల మీద కొత్త కోడ్ పెట్టాల్సింది. చేత్తో పెట్టిన మనిషి ఒకదాన్ని వదిలేశాడు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ లేచి కూర్చుని, ఆగకుండా ఆర్డర్లు పంపింది. ఆ రోజు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయింది. తర్వాత నియంత్రణ సంస్థ ఆరా తీస్తే, పెట్టిన పనిని రెండో మనిషి సరిచూడలేదు, సరిచూడాలన్న రాత నియమం కూడా లేదని తేలింది. ఆ ఉద్యోగి చేతకానివాడని దీనర్థం కాదు. ఒక్క మనిషి మీద అంత బరువు పెట్టిన పద్ధతే చేతకానిది. మీ ఓనరు “నువ్వు లేకపోతే ఎట్లబ్బా” అన్నది కూడా ఇదే. మీరు దాన్ని “నువ్వు లేకపోయినా ఫరవాలేదు” అని విన్నారేమో, మళ్లీ ఒకసారి గుర్తుచేసుకోండి.

కొండ మీద పోటులో లడ్డూకి దిట్టం ఉంటుంది కదా. ఏ సరుకు ఎంత పడాలో రాసి ఉన్న కొలత. పనివాళ్లు మారినా రుచి మారకుండా కాసేది అది. మీ నోట్‌బుక్ మీ సాఫ్ట్‌వేర్‌కి దిట్టం. యాక్షన్స్ ఫైలు దాన్ని అమలుచేసే చెయ్యి మాత్రమే. దిట్టంలో లేనిది ఆ చేతికి తెలియదు. ఆ అబ్బాయి ఎంత తెలివైనవాడైనా, లాడ్జీ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో అతనికి మీ అంత తెలిసే అవకాశం లేదు. తెల్లవారుజామున మూడింటికి రైలు దిగి గది తీసుకున్న కుటుంబానికి 24 గంటల చెకౌట్ ఎప్పటికి పడుతుంది? 21న దిగి 23న ఖాళీ చేసినవాళ్ల బిల్లులో రేటు ఎలా పడాలని మీ ఆడిటరు చెప్పాడు? అడ్వాన్సు పాత రేటుతో కట్టి, మిగతాది తర్వాత కట్టినవాళ్ల సంగతేంటి? ఎక్స్‌ట్రా బెడ్‌ని గది అద్దెలో కలపాలా? ఇవి మీరు ఏళ్ల తరబడి లాడ్జీ మేనేజర్లతో తిట్లు తిని నేర్చుకున్నవి. వీటిని టెస్టులుగా రాయకపోతే ఆ అబ్బాయి పెట్టే పైప్‌లైన్ (ఈ మెట్లన్నీ వరుసగా నడిపే ఏర్పాటు) ప్రతిసారీ ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది, బిల్లులు మాత్రం తప్పుగా వస్తాయి. 2000 రూపాయల గదికి పన్ను వంద రూపాయలే రావాలి అన్న ఒక్క చిన్న టెస్టు, రెండు సర్వర్ల కాన్ఫిగ్‌ల మీదా నడిచి ఉంటే సెప్టెంబరు 22 ఉదయం మీకు అన్ని ఫోన్లు వచ్చేవి కావు. ఆ టెస్టు రాయగలిగింది ఆఫీసులో మీరే.

మీ మిగతా సందేహాల్లో నాకు బరువైనవిగా కనిపించినవి చెప్తాను.

డేటాబేస్. కోడ్‌ని వెనక్కి తిప్పడం తేలిక. ప్రతి వెర్షన్‌నీ తేదీ పేరున్న కొత్త ఫోల్డర్‌లో పెట్టి, ఏది నడవాలో ఒక లింకుతో చూపిస్తే, తేడా వచ్చినప్పుడు లింకును పాత ఫోల్డర్ మీదికి మార్చేస్తే సరి. డేటా అలా తిరగదు. ఒక కాలమ్ తీసేశాక, అందులోని డేటా పోయినట్టే. కాబట్టి మార్పుకు ముందు బ్యాకప్ తీయడం ఆ ఫైల్లోనే ఒక మెట్టు కావాలి. కాలమ్ మార్చాల్సి వస్తే ముందు కొత్తది కలపాలి, రెండూ కొన్నాళ్లు పక్కపక్కన నడవాలి, ఎవరూ పాతదాన్ని ముట్టుకోవడం లేదని తేలాక తీసేయాలి. కుర్రాడు చూపించిన డెమోలో ఇది ఉండి ఉండదని నా ఊహ. డెమోల్లో సాధారణంగా ఉండదు.

తాళాలు. సర్వర్ కీ బయటివాళ్ల చేతుల్లో పెట్టడం మీకు ఇష్టం లేదన్నారు. తప్పులేదు. 2025 మార్చిలో గిట్‌హబ్‌లో చాలామంది వాడే టీజే-యాక్షన్స్ వాళ్ల ఒక రెడీమేడ్ యాక్షన్‌లోకి ఎవరో చొరబడి, దాన్ని వాడుతున్నవాళ్ల రహస్యాలు లాగ్‌ల్లో (పని నడిచిన వివరాలు నమోదయ్యే చోట) అచ్చయ్యేలా చేశారు. అది వాడే రిపోజిటరీలు 23 వేలకు పైగా ఉన్నాయి. కాబట్టి బయటివాళ్లు రాసిన యాక్షన్లు వీలైనంత తక్కువ వాడమనండి. వాడినా వెర్షన్ పేరుతో వద్దు, పేరును రేపు ఇంకో కోడ్ మీదికి తిప్పేయగలరు. ఆ ఒక్క కోడ్‌కే చెందే కమిట్ హ్యాష్ అనే పొడుగాటి సంకేతంతో, పూర్తిగా రాసి కట్టేయమనండి. డిప్లాయ్ కోసం సర్వర్‌లో వేరే యూజర్‌ని సృష్టించి, దానికి ఆ ఒక్క ఫోల్డర్ మీదే హక్కులివ్వండి. సర్వర్ మొత్తాన్నీ తెరిచే రూట్ కీ ఇవ్వకండి. అలాగని మీ ల్యాప్‌టాప్ ఏమంత భద్రమని? ఇప్పుడు ఆ కీ అందులో మామూలు ఫైలుగా పడి ఉంది. బస్సులో బ్యాగు పోతే ఏమిటి? ఎప్పుడైనా ఆ కీ పొరపాటున కోడ్‌తోపాటు కమిట్ అయి (రిపోజిటరీలో నమోదై) ఉంటే, ఫైలు తీసేసినా హిస్టరీలో ఉంటుంది. ఆ అనుమానం ఏమాత్రం ఉన్నా కీ మార్చేయండి. దీనికి పైప్‌లైన్ దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే చేయండి.

ఇంటర్నెట్ సరిగా లేని పాత లాడ్జీలు. అక్కడ విండోస్ కంప్యూటర్‌లోనే డేటాబేస్ ఉందన్నారు. “సరిపడదు” అన్న మీ మాట నిజమయ్యేది వీటి దగ్గరే. వాటికి ఇన్‌స్టాలర్ తయారవడం వరకే యంత్రానికి వదలండి. మోసుకెళ్లి పెట్టడం, పక్కన కూర్చుని చూపించడం మనిషి పనే. ఓనరుకు ఈ సంగతి ఇలాగే విడదీసి చెప్పి ఉంటే మీ మాటకు విలువ పెరిగేది.

ఇప్పుడు ఉద్యోగం గురించి. మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది ఎంచుకోవాలో నేను చెప్పలేను. ఏది ఎటు తీసుకెళ్తుందో చెప్తాను.

నోట్‌బుక్ ఇవ్వకుండా సాగదీయడం మొదటిది. కొన్ని నెలలు నడుస్తుంది. ఈలోగా ఆ అబ్బాయి సర్వర్‌లోకి వెళ్లి, కమాండ్ హిస్టరీ చూసి, మీరు చేసేదాన్ని సగం పట్టుకుంటాడు. మిగతా సగం లేని పైప్‌లైన్ తయారవుతుంది. అది ఒకసారి పడుతుంది. అప్పుడు “చూశారా, నేను చెప్పానా” అనే అవకాశం మీకు దక్కుతుంది. ఆ తృప్తి ఒక్క పూట ఉంటుంది. ఓనరుకు మాత్రం మీరు తెలిసీ చెప్పలేదన్నది గుర్తుంటుంది. ఏడుగురున్న ఆఫీసులో అలాంటిది చెరిగిపోదు.

నోట్‌బుక్ ఇచ్చేసి పక్కకు తప్పుకోవడం రెండోది. గొడవ ఉండదు, రాత్రిళ్లు నిద్ర పడుతుంది. బీపీ, సుగరు లాంటివేమైనా ఉంటే ఇది తీసిపారేయాల్సిన దారేమీ కాదు. అయితే ఆరు నెలల్లో మీరు కస్టమర్ ఫోన్లు ఎత్తే మనిషిగా మిగులుతారు. ఆ పని చిన్నదని నేననను. కానీ మీరు కోరుకుని అందులోకి వెళ్లడం వేరు, జారి అందులో పడడం వేరు.

ఆ ఫైలు మీరే రాయడం మూడోది. కుర్రాడు పక్కన కూర్చుంటాడు, మెట్లు మీరు చెప్తూ మీరే టైప్ చేస్తారు. ఆ ఫైలు రాసే యామల్ పద్ధతిలో ఒక స్పేసు తేడాకు అరగంట పోతుంది, విసుగొస్తుంది. కూతురి కన్నా పది పన్నెండేళ్లే పెద్దవాడైన మనిషిని “ఇదెందుకబ్బా రాలేదు” అని అడగాల్సి వస్తుంది. అడగడం కష్టంగానే ఉంటుంది, దాన్ని నేను తీపి చేసి చెప్పను. ఈ దారిలో వెళ్తే ఒకేసారి దూకవద్దు. మొదట కొన్ని వారాలు బిల్డు, టెస్టుల వరకే యంత్రానికి ఇవ్వండి. ఎక్కించడం మీరు మామూలుగానే చేయండి. టెస్టు ఎర్రగా ఉంటే ఆ రాత్రి ఎక్కించడం లేదన్న నియమం ఒక్కటి పెట్టుకోండి. తర్వాత ఎవరూ వాడని ఒక ట్రయల్ సర్వర్‌కి యంత్రంతో ఎక్కించి చూడండి. అసలు సర్వర్లు ఆఖర్న. అప్పుడు కూడా పుష్ చేయగానే తనంతట తాను వెళ్లేలా పెట్టకండి. మనిషి నొక్కితేనే కదిలేలా బటన్ పెట్టే వీలు అందులో ఉంది. ఇద్దరు ఒకేసారి నొక్కినా ఒకటే నడిచేలా కట్టడి కూడా పెట్టవచ్చు. టైమ్ పెట్టి నడిపిద్దామంటే మాత్రం జాగ్రత్త: అక్కడి గడియారం మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన నడుస్తుంది, మీ రాత్రి పదకొండున్నర అక్కడ సాయంత్రం ఆరు. పైగా రద్దీగా ఉంటే ఆలస్యంగా మొదలవుతుంది. బటనే మేలు. ఇంకో సంగతి, రాత్రి పదకొండున్నర అవసరమే పోవచ్చు. మధ్యాహ్నం మూడింటికి, అందరూ ఆఫీసులో ఉన్నప్పుడు ఎక్కించి, తేడా వస్తే నిమిషంలో వెనక్కి తిప్పగలిగితే, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు.

ఈ దారి ఎంచుకుంటే మొదలుపెట్టడానికి ముందే ఓనరుతో కూర్చోండి, అయిపోయాక కాదు. “ఇది నేను పెడతాను. తర్వాత విడుదలలు, టెస్టులు, బ్యాకప్‌లు నా బాధ్యత అని రాసివ్వండి” అని అడగండి. జీతం పెంచమని అప్పుడే అడిగితే ఒప్పుకుంటాడో లేదో. బాధ్యత పేరు రాసివ్వడానికి అతనికి ఖర్చేమీ లేదు కాబట్టి ఒప్పుకోవచ్చు. ఇవ్వనంటే అది కూడా మీకు తెలియాల్సిన సమాచారమే. అంతా పెట్టించుకుని “ఇక నీ అవసరం లేదు” అనే ఓనర్లు లోకంలో లేరని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ ఓనరు మర్నాడు ఉదయం ఎవరి మీదా అరవలేదని మీరే రాశారు. అతను ఎలాంటి మనిషో నాకన్నా మీకే తెలుసు.

ఉద్యోగం మారడం నాలుగోది. తిరుపతిలో చోట్లు తక్కువ, చెన్నై, బెంగళూరు అంటే కూతురి ఇంటర్ మధ్యలో ఇల్లు కదిలించాలి, లేదా మీరొక్కరే వెళ్లాలి. వెళ్లినా, చేత్తో డిప్లాయ్ చేయడమే నా అనుభవం అంటే ఇంటర్వ్యూలో వినేవాళ్లు కొద్దిమంది. చేత్తో నడిచేదాన్ని పైప్‌లైన్ మీదికి నేనే మార్చాను అంటే కుర్చీ ముందుకు లాక్కుని వింటారు. అంటే నాలుగో దారిలో వెళ్లాలన్నా మూడో దారి కొంత దూరం నడవాల్సిందే. నా మొగ్గు ఎటో దాచడం లేదు.

కుర్రాడితో ఎలా మాట్లాడాలో మీరు అడగలేదు, అయినా ఒక మాట. అతను మూడు వారాలుగా మీ నోట్‌బుక్ కోసం ఆగాడు. సర్వర్‌లోకి తొంగిచూసి తన పని తాను చేసుకోవచ్చు, చేయలేదు. ఆ రాత్రి మీరు చెప్పని మెట్టుకు అతనికి మాట రావాల్సింది, ఎవరూ అనలేదు, అతను కూడా మిమ్మల్ని చూపించలేదు. ఇలాంటివాడితో పని చేయడం కష్టమేమీ కాదనిపిస్తోంది. నోట్‌బుక్ చేతికి ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వకండి; తీసుకుని వెళ్లి అతని పక్కన కూర్చోండి.

ఇక అతను బెంగళూరు వెళ్లిపోతే ఏమిటన్న ప్రశ్న. వెళ్లవచ్చు. ఆ ఫైలు మీ రిపోజిటరీలోనే ఉంటుంది, కానీ మీకు చదవడం రాకపోతే ఉన్నా లేనట్టే. అందుకే ప్రతి మెట్టు పైనా అది ఎందుకుందో తెలుగులోనే ఒక వాక్యం రాయించండి. కామెంటు ఏ భాషలో ఉన్నా యంత్రానికి పట్టదు. అన్నీ కుదిరాక ఒక విడుదల అతను ఫోన్ ఎత్తని రోజు మీరు చేయండి, ఇంకొకటి మీరు సెలవు పెట్టిన రోజు అతను చేయాలి. రెండింటిలో ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇంకా రాయని మెట్టు ఉన్నట్టు. ఈ రెండు రోజులూ వైకుంఠ ఏకాదశి వారంలో పడకుండా మాత్రం చూసుకోండి.